కంగారూ విషయంలో కంగారు వద్దు

కంగారూ అనే పేరు పలికితే చాలు, తరగతిలో నవ్వులు మొదలవుతాయి. మన భాషలో కంగారు అంటే గాభరా. ఆ జంతువుకూ గాభరాకూ మాత్రం ఏ సంబంధమూ లేదు. ఎండ మండే వేళ చెట్టు నీడన పక్కకు వాలి పడుకుని, ముంజేతులను నాకి తడుపుకుంటూ ఒళ్లు చల్లబరచుకునే నిదానమైన జీవి అది. కంగారు పడేది దాన్ని చూసే మనుషులే. చూడగానే కొందరు ముద్దు చేయాలని పరుగెత్తుతారు. కొందరు తుపాకీ కోసం వెదుకుతారు.

ఆస్ట్రేలియాలో ఈ రెండు రకాల వాళ్లూ ఉన్నారు. ఆ దేశపు ఒక డాలరు నాణెం మీద 1984 నుంచి అయిదు కంగారూలు గెంతుతున్నాయి. రాజముద్రలో ఒక పక్క ఈము పక్షి, మరొక పక్క కంగారూ నిలబడి ఉంటాయి. అదే దేశంలో అనుమతి పొందిన వేటగాళ్లు ఏటా లక్షల కంగారూలను కాల్చి చంపుతున్నారు. ఇది అన్యాయమని ఒక వర్గం, ఇంకా చంపాలని మరొక వర్గం ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాయి. మీ బంధువులెవరైనా మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో ఉంటే, కంగారూ పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో మీ ఇంటికి వచ్చే ఉంటుంది. ఆ ఫొటో వెనక ఇంత తగవు ఉందని మీరు ఊహించి ఉండరు.

ఈ తగవులో నా అభిప్రాయం ముందే చెబుతాను. కంగారూ మనిషికి మిత్రుడా, శత్రువా అని అడగడమే సరైన ప్రశ్న కాదు. అది అడవి జంతువు. అది బతికే నేలను మనిషి మార్చాడు. ఎంత మార్చాడు, దాని ఫలితం ఎంత అని కొలిచిన తరువాతే ఏ పనైనా చేయాలి. కొలవక ముందే పుట్టే జాలీ, కోపమూ రెండూ ఆ జంతువుకు చెరుపే చేస్తాయి. ఎందుకో చూద్దాం.

పేరులోనే ఒక పాఠం

కంగారూ పేరు గురించి మీరొక కథ వినే ఉంటారు. కెప్టెన్ కుక్ ఆ దేశంలో దిగి, ఒక వింత జంతువును చూపించి "దీని పేరేమిటి?" అని అక్కడివాళ్లను అడిగాడట. వాళ్లు తమ భాషలో "నాకు తెలియదు" అన్నారట. అదే దాని పేరై కూర్చుందట! క్విజ్ పుస్తకాల్లో కూడా ఈ కథ కనిపిస్తుంది. నవ్వు వస్తుంది కానీ ఇది నిజం కాదు.

1770లో కుక్ ఓడ ఎండీవర్ పగడపు దిబ్బకు కొట్టుకుని దెబ్బతింది. మరమ్మతు కోసం ఇప్పటి కుక్‌టౌన్ పట్టణం ఉన్న చోట, ఒక నది ఒడ్డున దాన్ని ఆపారు. అక్కడి ప్రజల భాష పేరు గూగు యిమిథిర్. కుక్ వెంట వచ్చిన ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఆ జంతువు పేరును వాళ్ల నోట విని రాసుకున్నాడు. చాలాకాలం తరువాత, 1972లో జాన్ హావిలాండ్ అనే భాషాశాస్త్రవేత్త ఆ ప్రజల మధ్య ఉండి వాళ్ల భాషను అధ్యయనం చేశాడు. "గంగురు" అనే మాట ఆ భాషలో ఉంది. అది ఒక రకం పెద్ద కంగారూ పేరు. అంటే, వాళ్లు సరైన జవాబే చెప్పారు.

ఈ కథను ఇక్కడ ఎందుకు చెప్పానంటే, వినడానికి బాగున్నంత మాత్రాన ఏ మాటా నిజమైపోదు. వెళ్లి అడిగిన వాళ్లకే అసలు సంగతి తెలిసింది. కంగారూల గురించి నేడు జరుగుతున్న వాదాల్లోనూ ఇలా పరీక్షించని మాటలు చాలా ఉన్నాయి.

ఒక తల్లి, ముగ్గురు పిల్లలు

కంగారూ, వాలబీ కుటుంబంలో చాలా జాతులున్నాయి. వాటిలో మనుషులతో ఎక్కువగా తారసపడేవి ఎర్ర కంగారూ, తూర్పు బూడిద కంగారూ, పడమటి బూడిద కంగారూ. ఎర్ర కంగారూ మగది నిలబడితే మనిషంత ఎత్తు ఉంటుంది. 80 కిలోలు దాటి కూడా తూగగలదు. సంచిజాతి జంతువుల్లో నేడు బతికున్న వాటిలో అదే అన్నిటికన్నా పెద్దది.

ఇంత జంతువుకు పుట్టే పిల్ల బరువు ఎంతో తెలుసా? ఒక గ్రాము కూడా ఉండదు! గర్భంలో సుమారు 33 రోజులుండి, చిక్కుడు గింజంత పరిమాణంలో బయటికి వస్తుంది. కళ్లుండవు, చెవులుండవు. ముందుకాళ్లతో తల్లి వెంట్రుకలు పట్టుకుని, కొన్ని నిమిషాల్లో తనంతట తానే పాకి పొట్టసంచిలోకి చేరుతుంది. అక్కడ చనుమొన పట్టుకుని నెలల తరబడి పెరుగుతుంది. ఎనిమిది నెలలకు సంచిని పూర్తిగా వదిలేస్తుంది. ఆ తరువాత కూడా ఏడాది వయసు వచ్చేదాకా తల సంచిలో దూర్చి పాలు తాగుతుంది.

ఇంతకన్నా వింత మరొకటి ఉంది. మొదటి పిల్ల సంచిలో ఉండగానే తల్లి మళ్లీ కడుపుతో ఉండగలదు. కానీ ఆ పిండం కొన్ని పదుల కణాలంత ఎదిగి ఆగిపోతుంది. పెద్ద పిల్ల సంచి ఖాళీ చేసే సమయం వచ్చినప్పుడో, సంచిలోని పిల్ల చనిపోయినప్పుడో ఆగిన పిండం మళ్లీ ఎదగడం మొదలవుతుంది. అందువల్ల ఒకే తల్లికి ఒకే సమయంలో బయట గెంతే పిల్ల ఒకటి, సంచిలో ఒకటి, కడుపులో ఆగిన పిండం ఒకటి ఉండవచ్చు. బయటి పిల్లకు ఒక చన్ను, లోపలి పిల్లకు మరొక చన్ను. రెండింటిలో వచ్చే పాలు కూడా వేరువేరు! ఎవరి వయసుకు తగిన పాలు వారికి.

ఈ ఏర్పాటు ఎందుకు? ఆస్ట్రేలియా నడిభాగంలో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. కరవు వస్తే ముందు సంచిలోని పిల్ల పోతుంది. కరవు ముదిరితే తల్లి పిల్లలను కనడమే మానేస్తుంది. వాన పడి గడ్డి మొలిచిందా, వెంటనే మళ్లీ మొదలు. కనుక కంగారూల సంఖ్య ఎప్పుడూ ఒకేలా ఉండదు. మంచి ఏళ్లలో పెరుగుతుంది, చెడ్డ ఏళ్లలో కూలిపోతుంది. 1982-83 నాటి కరవులో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో దాదాపు 40 శాతం కంగారూలు తగ్గిపోయాయని విమాన సర్వేలు చూపాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

దాని గెంతు కూడా ఆ నేల కోసం తయారైనదే. 1973లో డాసన్, టేలర్ అనే శాస్త్రవేత్తలు కంగారూలను కదిలే పట్టీ మీద గెంతించి, అవి పీల్చే ఆక్సిజన్‌ను కొలిచారు. మనం వేగం పెంచిన కొద్దీ ఆయాసం పెరుగుతుంది కదా! గెంతే కంగారూలో వేగం పెరిగినా ఆక్సిజన్ ఖర్చు దాదాపు పెరగలేదు. కాలి వెనక నరాల్లాంటి బలమైన స్నాయుబంధాలు స్ప్రింగులా సాగి, తిరిగి ముడుచుకుంటూ శక్తిని తిరిగి ఇస్తాయి. గడ్డి ఒక చోట, నీళ్లు ఇంకో చోట ఉండే నేలలో ఇది ఎంత లాభమో ఆలోచించండి. ఇక మెల్లగా మేసేటప్పుడు తోక అయిదో కాలు అవుతుంది. ముందుకు నెట్టడంలో తోక చేసే పని మిగతా నాలుగు కాళ్ల పనికి తీసిపోదని 2014లో కొలిచి చెప్పారు.

వేల ఏళ్ల పొరుగు

కంగారూలకు మనిషితో పరిచయం కొత్తది కాదు. ఆస్ట్రేలియా ఆదివాసులు ఆ నేల మీద కనీసం 50,000 ఏళ్లుగా ఉన్నారు. వాయవ్యాన ఉన్న కింబర్లీ ప్రాంతంలో ఒక రాతి పైకప్పు మీద రెండు మీటర్ల పొడవున్న కంగారూ బొమ్మ ఉంది. ఆ బొమ్మ కిందా మీదా కందిరీగలు కట్టిన మట్టిగూళ్ల వయసును కట్టి, బొమ్మ సుమారు 17,300 ఏళ్ల నాటిదని 2021లో ప్రకటించారు. కందిరీగ గూడు చరిత్రకు సాక్ష్యం చెప్పడం చూశారా!

ఆదివాసులు కంగారూను వేటాడారు. మాంసం తిన్నారు, చర్మం కప్పుకున్నారు, తోకలోని నారలతో ఈటెలు బిగించుకున్నారు. అదే సమయంలో కొన్ని వంశాలకు కంగారూ పూజ్యమైన కులచిహ్నం. కొన్ని చోట్ల ఎండుగడ్డిని కొంచెం కొంచెంగా తగలబెట్టేవారు. కాలిన చోట లేత గడ్డి మొలుస్తుంది, దానికోసం కంగారూలు వస్తాయి. అంటే వాళ్లూ నేలను మార్చారు. కానీ ఆ మార్పు మెల్లగా, తరతరాల అనుభవంతో, ఎక్కడ ఎప్పుడు కాల్చాలో తెలిసి చేసినది. వేటాడే చేత్తోనే మేత పెంచారు. జంతువును ప్రేమించడం, తినడం ఒకదానికొకటి విరుద్ధమని వాళ్లు అనుకోలేదు.

రెండు వందల ఏళ్లలో

1788లో ఇంగ్లీషువాళ్లు అక్కడ కాపురం పెట్టారు. గొర్రెలు, పశువులు వచ్చాయి. అడవులు నరికి పచ్చిక బయళ్లు చేశారు. ఎండిన నేలలో నీళ్లు కావాలి కదా! 1878లో బోర్క్ పట్టణ ప్రాంతంలో భూమిని తొలిస్తే నీళ్లు తమంతట తామే పైకి ఉబికాయి. ఆ తరువాత వేలాది బోర్లు, చెరువులు, తొట్లు వెలిశాయి. అవి గొర్రెల కోసం తవ్వినవే. కానీ దాహం వేసిన కంగారూ ఎవరి తొట్టి అని అడగదు.

మూడో మార్పు డింగోది. డింగో అంటే కొన్ని వేల ఏళ్ల కిందట ఆ ఖండానికి చేరిన అడవికుక్క. అది గొర్రెలనూ తింటుంది, కంగారూలనూ తింటుంది. గొర్రెల కోసం దాన్ని విషం పెట్టి, కాల్చి నిర్మూలించారు. రాకుండా కంచె కట్టారు. ఆ కంచె పొడవు సుమారు 5,600 కిలోమీటర్లు. మన దేశం ఉత్తరం నుంచి దక్షిణం దాకా దాదాపు 3,200 కిలోమీటర్లే! 1980లో గ్రేమ్ కాగ్లీ అనే శాస్త్రవేత్త, అతని తోటివారు కంచెకు రెండు వైపులా లెక్కలు చూశారు. డింగోలు లేని వైపు ఎర్ర కంగారూలు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నాయి. తేడా అంతా డింగో వల్లనేనా, వాన, నీళ్లు, మేత కూడా కారణమా అని శాస్త్రజ్ఞులు ఇంకా చర్చిస్తున్నారు. ఏమైనా ఆ కంచె కట్టింది కంగారూ కాదు.

ఇలా మేత పెరిగింది, నీళ్లు వచ్చాయి, శత్రువు పోయాడు. పెద్ద కంగారూలు వృద్ధి చెందాయి. అప్పుడు అదే మనిషి వాటిని "పీడ" అన్నాడు. క్వీన్స్‌లాండ్‌లో 1877లో ఏకంగా సంచిజంతువులను నాశనం చేయడానికే చట్టం తెచ్చి, తలకింత అని బహుమతి ఇచ్చారు. 1930 లోపల రెండు కోట్లకు పైగా జంతువులకు అలా డబ్బు చెల్లించారు.

నాణేనికి రెండో వైపు కూడా చూడండి. ఇదే కాలంలో చిన్న జాతులకు చేటు మూడింది. ఇంగ్లీషువాళ్లు తెచ్చిన నక్కలు, పిల్లులు వాటిని తినేశాయి. దాగే పొదలు పోయాయి. టూలాచ్ వాలబీ అనే అందమైన జాతి 1930ల చివరికల్లా అంతరించింది. తూర్పు కుందేలు వాలబీ, నెలవంక గోరుతోక వాలబీ కూడా నేడు లేవు. ఒకే మార్పు పెద్దవాటిని పెంచింది, చిన్నవాటిని తుడిచిపెట్టింది. కనుక "ఆస్ట్రేలియాలో కంగారూలు ఎక్కువైపోయాయి" అని ఎవరైనా అంటే, "ఏ కంగారూలు?" అని అడగండి.

విమానంలోంచి లెక్క

ఆంధ్ర, తెలంగాణ కలిపినదానికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన నేలలో గెంతే జంతువులను ఎలా లెక్కపెడతారు? ఒక్కొక్కటిగా లెక్కించడం అయ్యే పని కాదు. అందుకే నమూనా పద్ధతి వచ్చింది. చిన్న విమానం భూమికి 76 మీటర్ల ఎత్తున, గంటకు 185 కిలోమీటర్ల వేగంతో తిన్నని గీత మీద ఎగురుతుంది. కిటికీ దగ్గర కూర్చున్న మనిషి 200 మీటర్ల వెడల్పు పట్టీలో కనబడే కంగారూలనే లెక్కపెడతాడు. నేడు హెలికాప్టర్లు, మరికొన్ని కొత్త పద్ధతులు కూడా వచ్చాయి. సూత్రం అదే.

మీరే లెక్క వేయండి. విమానం 100 కిలోమీటర్లు ఎగిరిందనుకుందాం. పట్టీ వెడల్పు 0.2 కిలోమీటరు. చూసిన నేల 20 చదరపు కిలోమీటర్లు. అందులో 60 కంగారూలు కనిపిస్తే చదరపు కిలోమీటరుకు 3. కానీ చెట్ల నీడలో పడుకున్నవి కనబడవు కదా! సగమే కనబడతాయని వేరే పరీక్షల్లో తేలిందనుకుంటే అసలు సంఖ్య 6. ఆ లెక్కన 1,000 చదరపు కిలోమీటర్లలో 6,000. కనబడని వాటికోసం వేసే ఆ గుణకం తప్పితే జవాబు మొత్తం తప్పుతుంది. అందుకే దాని మీద శాస్త్రజ్ఞులు అంతగా తర్కిస్తారు.

లెక్క లేకపోతే ఏమవుతుంది? కరవులో నీటితొట్టి దగ్గర వంద కంగారూలను చూసిన రైతుకు దేశమంతా నిండిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి దూరదూరాన ఉన్నవన్నీ దాహానికి అక్కడికి చేరాయి. రోడ్డు పక్కన చచ్చిపడినవాటిని చూసిన పట్నవాసికి జాతి మొత్తం అంతరిస్తున్నదనిపిస్తుంది. నిజానికి రోడ్డు మీంచి పారిన వాననీటికి అంచున గడ్డి పచ్చగా ఉంటే, మేయడానికి వచ్చి వాహనాల కింద పడ్డాయి. ఇద్దరూ కళ్లారా చూసిందే చెబుతున్నారు. ఇద్దరి జవాబూ తప్పే.

వాణిజ్య వేట జరిగే ప్రాంతాల్లో ప్రభుత్వ లెక్కల ప్రకారం కంగారూలు 2010లో సుమారు 2.7 కోట్లు, 2016లో దాదాపు 4.5 కోట్లు. మీరు నేర్చుకున్న చక్రవడ్డీ సూత్రంతో చూడండి, ఏడాదికి 9 శాతం చొప్పున పెరిగినట్టు. మధ్యలో మంచి వానలు పడ్డ ఏళ్లున్నాయి. ఆ తరువాత 2017-2019 కరవులో న్యూ సౌత్ వేల్స్‌లో మళ్లీ బాగా పడిపోయాయి. పెరిగిన ఏడు పత్రికలు "కంగారూల దండయాత్ర" అని రాస్తాయి. తగ్గిన ఏడు "కంగారూల అంతం" అని రాస్తాయి. రెండు శీర్షికలూ ఒకే గీత మీద రెండు చుక్కలు.

చంపాలా, వద్దా?

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. చంపడం న్యాయమా?

రైతు వాదన విందాం. కంగారూలు గొర్రెల మేత తింటాయి, కంచెలు పాడుచేస్తాయి. నిజమే. కానీ ఎంత తింటాయి? పాత లెక్కల్లో ఒక కంగారూను 0.7 గొర్రెకు సమానంగా వేసేవారు. తరువాత నేలమీద చేసిన కొలతల్లో అది సుమారు సగమేనని తేలింది. నీళ్లయితే గొర్రె తాగేదాంట్లో చిన్న వంతు మాత్రమే తాగుతుంది. అంటే నష్టం ఉంది గానీ, అనుకున్నంత లేదు.

జీవకారుణ్య సంఘాల వాదన కూడా వినండి. నియమావళి ప్రకారం అనుమతి ఉన్న వేటగాడు ఒకే గుండుతో తలకు కొట్టి చంపాలి. కానీ చీకట్లో, దూరం నుంచి ప్రతి గుండూ తగలవలసిన చోటే తగులుతుందా? ఆడదాన్ని చంపితే సంచిలోని పిల్ల సంగతేమిటి? ఆ పిల్లను కూడా చంపేయాలనే నియమావళి చెబుతుంది. తల్లి లేకుండా అది ఆకలితో మెల్లగా చస్తుంది కనుక! ఇది చదివి మీ మనసు కలుక్కుమంటే, అది మంచి మనసు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1971లోనే కంగారూ చర్మం అమ్మకాన్ని నిషేధించింది. మధ్యలో కొన్నాళ్లు సడలించినా 2016 నుంచి ఆ నిషేధం మళ్లీ అమలైంది. 2023లో పూమా, నైకీ కంపెనీలు ఫుట్‌బాల్ బూట్లకు కంగారూ తోలు వాడటం మానేస్తామన్నాయి.

మూడో వాదన ఒకటుంది. దాన్ని చాలామంది వినరు, ఎందుకంటే అది మాట్లాడలేని ప్రాణులది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా చుట్టూ గడ్డిమైదానాలు కొద్దిగానే మిగిలాయి. వాటిలో చెవులు బయటికి కనిపించని చిన్న తొండ, కాళ్లు లేని చారల బల్లి వంటి అరుదైన ప్రాణులున్నాయి. ఊరు పెరిగి చుట్టూ ఇళ్లు వచ్చాయి, డింగోలు లేవు. బూడిద కంగారూలు పెరిగి గడ్డిని నేలమట్టంగా మేసేస్తే ఆ తొండకు దాగే చోటు ఉండదు. అందుకే అక్కడ 2009 నుంచి, లెక్కపెట్టి, అభయస్థలాల్లో కొన్ని కంగారూలను కాల్చుతున్నారు. ప్రతి ఏడూ నిరసనలు జరుగుతూనే ఉన్నాయి. గర్భనిరోధక టీకాను బాణంతో వేసే పద్ధతినీ వాడుతున్నారు.

నేను ఏమంటానంటే: కోపంతో చంపడం తప్పు, తలకింత అని డబ్బిచ్చి చంపించడం ఇంకా తప్పు. కానీ "ఒక్కదాన్నీ ముట్టవద్దు" అనడం కూడా ఎప్పుడూ దయ కాదు. డింగోను తీసేసి, నీళ్లు పెట్టి, కంచె కట్టి, తరువాత "ప్రకృతే చూసుకుంటుంది" అంటే, ప్రకృతి చూసుకునే పద్ధతి ఆకలిచావు. కరవులో వేలాదిగా ఎముకల గూళ్లై చచ్చిపోతాయి. అది మనకు కనబడదు కనుక బాధ అనిపించదు.

అందుచేత సంఖ్య తగ్గించక తప్పదని లెక్క చెప్పిన చోట, తగ్గించండి. కానీ కొన్ని షరతులుండాలి. లెక్క ఎలా వేశారో అందరికీ చూపించాలి. శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి. పిల్లలున్న తల్లులను వదిలి, మగవాటికే పరిమితం కావాలి. టీకా వంటి మార్గం చాలినచోట తుపాకీ ఎత్తకూడదు. వేటకు ఇచ్చే అనుమతి సాధారణంగా అంచనా సంఖ్యలో 15 నుంచి 20 శాతం లోపు ఉంటుంది. నిజంగా చంపేది అంతకన్నా తక్కువ. బూట్ల అమ్మకం పెరిగిందని ఆ హద్దు పెరగకూడదు. కరవులో సంఖ్య పడిపోతే హద్దూ పడాలి. మీరు దీనితో ఏకీభవించకపోవచ్చు. అయితే మీ వాదనకు కూడా లెక్క చూపించాలి సుమా!

ముద్దు చేసి చేటు తేవడం

తుపాకీ చేసే హాని అందరికీ కనిపిస్తుంది. క్యారెట్ చేసే హాని కనిపించదు.

న్యూ సౌత్ వేల్స్‌లో మారిసెట్ అనే చోట కంగారూలు గుంపులుగా మేస్తుంటాయి. ఫొటోలు చూసి యాత్రికులు వందలాదిగా వచ్చి క్యారెట్లు, రొట్టె, చిప్సు పెట్టడం మొదలుపెట్టారు. మనుషులు కనబడగానే కంగారూలు మీదికి రావడం నేర్చుకున్నాయి. పెట్టకపోతే గీరాయి, తన్నాయి. 2018లో అక్కడ పలువురు గాయపడిన వార్తలు ప్రపంచమంతా పాకాయి. "క్రూర జంతువులు" అన్నారు. ఆ పాఠం నేర్పిన గురువులు ఎవరు మరి?

రొట్టె వాటికి ఆహారం కాదు. కంగారూ గట్టి గడ్డిని నమిలి, కడుపులోని సూక్ష్మజీవులతో పులియబెట్టి జీర్ణం చేసుకునే జంతువు. మెత్తని తిండి పళ్ల సందున ఇరుక్కుని చిగుళ్లు కుళ్లి, దవడ వాచే జబ్బు వస్తుంది. చివరికి మేయలేక చస్తుంది. తల్లిని పోగొట్టుకున్న పిల్లకు జాలిపడి ఆవుపాలు పోసినా ప్రమాదమే. ఆ పాలలోని చక్కెర దానికి అరగదు. విరేచనాలు పట్టుకుంటాయి, కళ్లలో శుక్లాలు కూడా రావచ్చు. అందుకే అక్కడ శిక్షణ పొందిన సంరక్షకులు ఉంటారు. రోడ్డు పక్కన చచ్చిన ఆడ కంగారూ కనిపిస్తే, సంచిలో పిల్ల ఉందేమో చూసి వాళ్లకు కబురు చేసేవాళ్లు ఎందరో ఉన్నారు. నిజమైన దయ అంటే అది. తెలిసినవాళ్ల చేతికి అప్పగించడం.

ఇక దగ్గరికి వెళ్లే ముందు దాని భాష తెలియాలి. మగ కంగారూలు పోట్లాడుకునేటప్పుడు నిటారుగా లేచి, ముందుచేతులతో పట్టుకుని, తోక మీద బరువు మోపి రెండు వెనక కాళ్లతో ఒక్కసారిగా తన్నుతాయి. మనిషి ఎప్పుడూ నిటారుగానే ఉంటాడు కదా! ఎదురుగా వచ్చి చేయి చాపితే "రా, తేల్చుకుందాం" అన్నట్టు దానికి తోచవచ్చు. అలాంటప్పుడు దాని కళ్లలోకి చూడకుండా, చేతులు దగ్గరగా పెట్టుకుని, కొంచెం వంగి, మెల్లగా పక్కకు తప్పుకోవాలని అక్కడి అధికారులు చెబుతారు. లొంగిన కంగారూ చేసే శబ్దం లాంటిదని చిన్నగా దగ్గమని కూడా చెబుతారు.

మనుషుల ప్రాణం తీయడం మహా అరుదు. 2022 సెప్టెంబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక వృద్ధుడు కంగారూ దాడిలో చనిపోయాడు. 1936 తరువాత అలాంటి మరణం అదే మొదటిదని పత్రికలు రాశాయి. ఆ కంగారూ అడవిలోంచి వచ్చి మీద పడలేదు. ఆయన పెంచుకుంటున్నదేనని వార్త. ముద్దుగా పెంచినా అది కుక్క కాదు. మనిషితో బతకడానికి వేల తరాలుగా తయారైన జంతువు కుక్క. కంగారూ కాదు.

మనకేమిటి ఇదంతా?

ఎక్కడో సముద్రాల అవతలి గొడవ మనకెందుకు అనుకోకండి. 2022 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్‌లోని జల్‌పాయ్‌గురి ప్రాంతంలో రోడ్డు పక్కన కంగారూలు తిరుగుతూ జనం కంటబడ్డాయి. బక్కచిక్కి, గాయాలతో ఉన్నాయి. మన అడవుల్లో పుట్టే జంతువు కాదు కదా! దొంగచాటుగా రవాణా చేస్తూ, పట్టుబడతామనే భయంతో ఎవరో వదిలేశారని అధికారులు అనుమానించారు. ఇంట్లో వింత జంతువు ఉండాలన్న కోరిక ఎవరికో ఉంది కనుకనే వాటిని ఇంత దూరం తెచ్చారు. ఇంటర్నెట్‌లో చూసి "మనకూ ఒకటి ఉంటే బాగుండు" అనుకునే ప్రతి ఒక్కరూ ఆ వ్యాపారానికి తెలియకుండానే గిరాకీ పెంచుతున్నారు.

మారిసెట్‌లో క్యారెట్లు పెట్టినవాళ్లను చూసి నవ్వుకునే ముందు, ఘాట్‌రోడ్డు మీద బస్సు కిటికీలోంచి కోతికి అరటిపండు విసిరిన చేతిని గుర్తు తెచ్చుకోండి. తరువాత ఆ కోతి సంచి లాక్కుంటే "కోతిమూకలు ఎక్కువైపోయాయి, ఏదో ఒకటి చేయాలి" అంటాం. ఎన్ని ఉన్నాయి? ఎప్పటి నుంచి? ఎందువల్ల? ఈ మూడూ అడగం.

ఇకమీదట ఏ అడవి జంతువు గురించి తగవు విన్నా ఈ మూడు ప్రశ్నలు వేయండి. జవాబు చెప్పలేనివాడి కోపాన్నీ, జాలినీ కొంచెం పక్కన పెట్టండి. తీరిక ఉన్నప్పుడు మీ బడి చుట్టూ ఒక చిన్న పట్టీ గీసుకుని, ఒకే వేళకు వారం రోజులు పిచ్చుకలనో, ఉడుతలనో, కోతులనో లెక్కపెట్టి చూడండి. దూరంగా నిలబడే లెక్కపెట్టండి. తిండి మాత్రం పెట్టకండి. మీకు వచ్చిన సంఖ్యా, మీ స్నేహితుడికి వచ్చిన సంఖ్యా ఎందుకు తేడా వచ్చాయో కూర్చుని మాట్లాడుకోండి. అక్కడి నుంచే అసలు పాఠం మొదలవుతుంది.